మొక్కు అమ్మది, బిళ్ళలు నావి

టీబీ బిళ్ళలు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులోకి తిరిగింది. రిఫాంపిసిన్ వేసుకుంటే అలాగే అవుతుందని ఆశా కార్యకర్త ముందే చెప్పింది కాబట్టి నేను కంగారుపడలేదు. అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే ఇంకో దేవుడికి ఇంకో మొక్కు మొక్కేస్తుంది.

అప్పటికే వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉంది. నేను లేవలేను కాబట్టి నా తరఫున తనే ప్రదక్షిణలు చేస్తుందట. పక్కింటి పిన్ని చర్చిలో నా కోసం ప్రార్థన చేయించి, కొబ్బరినూనె తెచ్చి నుదుటికి రాసింది. అంబాజీపేట వైపు నూనెకు కరువా?

కొబ్బరి కొట్లో లెక్కలు రాసే పని నాది. దగ్గు వస్తే పీచు దుమ్ముదే అన్నారంతా. సాయంత్రం పూట జ్వరం, జారిపోతున్న ప్యాంటు చూసి తెమడ పరీక్షకు పంపారు. అందులో బయటపడింది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. పొద్దున్నే పరగడుపున. అట్ట చింపగానే వచ్చే ఆ వాసనకే కడుపులో తిప్పేది.

బాబాయ్ చూడటానికి వచ్చి, "మన చేతిలో ఏముందిరా, రాసిపెట్టినట్టే అవుతుంది" అన్నాడు. మరి రాసిపెట్టే ఉంటే ఇవి మింగడం దేనికి? మంచం మీద వేరే పనేముంది, గీత తీశాను. పద్దెనిమిదో అధ్యాయం 61వ శ్లోకం బాబాయ్ పక్షమే: ఈశ్వరుడు అందరి హృదయాల్లో ఉండి, యంత్రం మీద ఎక్కించినట్టు తిప్పుతుంటాడు. రెండు శ్లోకాలు దాటితే అదే కృష్ణుడు, "యథేచ్ఛసి తథా కురు" అంటాడు. అంతా ఆలోచించుకుని, నీకెలా తోస్తే అలా చెయ్యమని. ఈ రెండూ ఎలా పొసుగుతాయో పండితులు చెప్పుకోవాలి. నాకు 63 చాలు.

ఫోన్‌లో ఇంకోటి చదివాను. అమెరికాలో బైపాస్ చేయించుకున్న 1,802 మందితో చేసిన పరిశోధన, 2006లో అచ్చయింది. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో, జరిగినవాళ్లకు 52 శాతం, జరగనివాళ్లకు 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. జరుగుతోందని ఖాయంగా తెలిసినవాళ్లలో 59. ఎందుకో పరిశోధకులు తేల్చలేదు. నాకు మాత్రం వింతగా అనిపించలేదు. శనివారం అమ్మ తిరిగొచ్చి, ప్రసాదం చేతిలో పెట్టి, "ఎలా ఉందిరా?" అంటే "బాగుంది" అనక తప్పేది కాదు. బాగోలేదంటే ఆవిడ కాళ్లనొప్పులన్నీ వృథా అన్నట్టేగా! ఆ టెన్షన్ జబ్బుకు అదనం.

నా ప్రార్థన వేరు. బిళ్ళ నాలుక మీద పెట్టుకునే ముందు, "స్వామీ, ఇవాల్టికి కక్కకుండా చూడు" అనుకునేవాణ్ణి. కొన్నాళ్లు వాంతి ఆగేది, కొన్నాళ్లు అయ్యేది. కానీ కళ్లు మూసుకున్న ఆ కాసేపట్లోనే మింగుదామని గట్టిగా అనుకునేవాణ్ణి. దేవుడు నా ఇష్టాన్ని లాక్కున్నట్టు ఒక్కనాడూ అనిపించలేదు. ఆశా కార్యకర్త అయితే ఒకటే మాట: "భారం దేవుడి మీద వెయ్యండి, బిళ్ళలు మాత్రం నా ముందు వేసుకోండి."

దేవుడు ఏదో ఉద్దేశంతోనే ఈ జబ్బు ఇచ్చాడని చాలామంది ఓదార్చారు. నేను ఒప్పుకోను. ఎవరో దగ్గితే గాల్లోకి వచ్చిన క్రిమి అది, నన్ను ఏరుకుని రాలేదు. మళ్లీ కొట్టుకెళ్లి లెక్కలు రాయాలి, పిల్లకు ఫీజు కట్టాలి. బతకడానికి నాకు ఆ ఉద్దేశం సరిపోయింది.

కోర్సు అయిపోయి, తెమడలో ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. వెంకన్న దయ అంది అమ్మ. బిళ్ళల దయ అన్నాను.

"మరి మింగాలనే బుద్ధి ఎవరిచ్చార్రా?"

"నువ్వే. పొద్దున్నే గ్లాసు పట్టుకుని నెత్తి మీద నిలబడితే ఏం చేస్తాను?"

ఒప్పుకోలేదు. వచ్చే శనివారం నన్నూ వాడపల్లి రమ్మంటోంది. వెళ్తాను, బలవంతం మీద కాదు.