పాడేరు మీదుగా ఎక్కి అరకు మీదుగా దిగాం

విశాఖ వాళ్లకి అరకు అంటే ఇంటి పెరడు లాంటిది. చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్లి బొర్రా గుహలు చూపించి, బొంగులో చికెన్ తినిపించి, చీకటి పడేసరికి తెచ్చి దింపేస్తాం. నేను అలా పదిసార్లయినా వెళ్లుంటాను, ప్రతిసారీ అదే శృంగవరపుకోట దారిలో ఎక్కడం, అదే దారిలో దిగడం. ఈసారి పోలి పాడ్యమి వెళ్లిన వారం (కార్తీకంలో అమ్మ చికెన్ మాటే ఎత్తనివ్వదు, అందుకే ఆగాం) అమ్మ, అక్క, బావ, నేను కారేసుకుని చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కి, మర్నాడు అరకు మీదుగా దిగాం. ఇకమీదట ఎవరడిగినా ఇదే దారి చెప్తాను. పాడేరు పక్కనున్న వంజంగి కొండ ఎక్కి తెల్లారేసరికి లోయలో మంచు చూడాలంటే ముందు రాత్రి పాడేరులోనే పడుకోవాలి, అరకులో ఉంటే తెల్లవారుజామున మూడింటికి ఆ మంచులో నలభై కిలోమీటర్లకు పైగా కారు నడపాలి, అది మనవల్ల కాదు.

చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడికి దణ్ణం పెట్టకుండా అమ్మ కదలనంది. మాడుగులలో హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, ఆ పాలు తీసి పంచదార, నెయ్యి వేసి దగ్గర పడేదాకా కలుపుతూనే ఉంటారు, వేలితో నొక్కితే నెయ్యి బయటికొస్తుంది. రెండు పాకెట్లు కొన్నాం, ఘాట్ మొదలయ్యేలోపే ఒకటి ఖాళీ. పాడేరు ఘాట్‌లో అరకు రోడ్డు మీదున్నంత రద్దీ ఉండదు. పైకి వెళ్లేకొద్దీ సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. ఒకచోట కారు ఆపితే, కాఫీ కోస్తున్న ఒకావిడ గుప్పెడు ఎర్రటి పళ్లు అమ్మ చేతిలో పోసింది. కొరికితే పైన తొక్క కిందే సన్నగా తీపి, లోపల జారిపోయే రెండు గింజలు. కాఫీ వాసన మచ్చుకైనా లేదు! మూడు పూటలా కాఫీ తాగే మా అమ్మ మాత్రం మోసపోయినట్టు మొహం పెట్టి, మిగిలిన పళ్లు కొంగున కట్టుకుంది.

పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకి ముఖ్య పట్టణం, 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది గానీ నా నోటికి ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది.

వంజంగి సంగతి. పాడేరు నుంచి దూరం తక్కువే, కింద బండి ఆపి నడవాలి. నాలుగున్నరకి మొదలుపెట్టాం. ఫోన్ లైట్ వెలుగులో ముందు వాళ్ల మడమలు తప్ప ఏమీ కనపడవు, మంచుకి తడిసిన రాళ్లు జారుతుంటాయి, స్లిప్పర్లతో వచ్చిన కుర్రాళ్లు పడుతూ లేస్తూ నవ్వుకుంటున్నారు. అమ్మ సగం దారిలో ఒక బండ మీద కూర్చుని "మీరెళ్లండి, నేనిక్కడే ఉంటా" అంది. అక్క ఆవిడ దగ్గర ఆగింది. మేమిద్దరం పైకెక్కాక, పది నిమిషాలకి చూస్తే ఇద్దరూ మెల్లగా వచ్చేశారు, వెనకెవరో ముసలాయన ఎక్కేస్తున్నాడని అమ్మకి పౌరుషం వచ్చిందట.

రాత్రి చల్లబడిన గాలి లోయలోకి దిగి, అక్కడి తేమ పొగమంచై కూర్చుంటుంది, మనం దాని పైన నిలబడతాం కాబట్టి మబ్బుల్లా కనిపిస్తుంది. అందరూ దాన్ని పాలసముద్రం అంటారు. అమ్మ కాసేపు చూసి, "ఇడ్లీ పిండి పులిసి గిన్నె అంచు దాకా వచ్చినట్టుంది కదరా" అంది. నిజంగా అంతే, అక్కడక్కడ బుడగల్లా ఉబ్బి, కొండల అంచులకి అంటుకుని ఉంది. సూర్యుడొచ్చాక అరగంట బాగా ఉంది. ఎండ వేడెక్కేకొద్దీ విడిపోయి కింద ఊళ్లు, పొలాలు బయటపడ్డాయి, నాకైతే అదే ఇంకా నచ్చింది. పైన జనం, సెల్ఫీలు, పారేసిన నూడుల్స్ కప్పులు కూడా ఉన్నాయి, ఆ ముక్క దాచి చెప్పడం ఎందుకు. శని, ఆదివారాలు మానుకోండి.

హుకుంపేట మీదుగా అరకు వెళ్లే దారంతా వలిసె పూలే, పసుపు ఆరబోసినట్టు. చాపరాయి వాగు దగ్గర కాళ్లు తడుపుకుని వచ్చేశాం. బొర్రా వదిలేశాం, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

బొంగులో చికెన్ మాత్రం వదల్లేదు. ఒక్కటే మాట, ముందే కాల్చి వరసగా పెట్టినవి కొనకండి. మన కళ్ల ముందు కూరమని అడగండి. పచ్చి వెదురు బొంగులో ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు దూర్చి నిప్పుల మీద పెట్టాడు. నూనె, నీళ్లు ఏమీ లేవు. పచ్చ రంగు పోయి బొంగు నల్లబడుతుంటే ఆకు సందులోంచి నురుగు బుస్సుమంటూ వచ్చింది. ముప్పావుగంట పట్టింది. చీల్చి ఆకులో దులిపితే పొగలు కక్కే ముక్కలు, అడుగున కాస్త రసం. ఆ రసం కోసం అక్కా నేనూ చిన్నప్పటిలా కొట్టుకున్నాం.

అనంతగిరి దాటి దిగుతుంటే కారులో ఏదో కాలిన వాసన. అమ్మకి ఒకటే టెన్షన్. ఒక టీ బడ్డీ దగ్గర ఆపితే, చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. టీ కొట్టాయన బావని కిందా పైకీ చూసి, "ఏటి బాబూ, కొండ మీద నుంచి బ్రేకు మీదే దించుకొచ్చేసినారా? ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాల" అన్నాడు. ఘాట్ బాగా తెలుసని స్టీరింగ్ ఎవరికీ ఇవ్వని బావ, టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. బ్రేకులు చల్లారేలోపు ఎదురు కొండ మీద కిరండూల్ రైల్వే లైన్‌లో గూడ్స్ బండి ఒకటి సొరంగంలోంచి వచ్చి ఇంకో సొరంగంలోకి పోయింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసమే వేసిన లైను అది. అమ్మ పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పింది.

ఆ తర్వాత బావ రెండో గేరు వదల్లేదు. కొండ దిగిపోయి, శృంగవరపుకోట దాటి, రోడ్డు అరచేతిలా చదునుగా ఉన్నా సరే రెండో గేరే. వెనక లారీలు హారన్ కొట్టి కొట్టి దాటిపోతున్నాయి, అమ్మ మాత్రం "మెల్లగానే పోనీ బాబూ" అంటూ రెండో హల్వా పాకెట్ విప్పింది.