పోర్టబుల్ ఏసీ కొనే ముందు కిటికీ కొలవండి

పైన స్లాబు, పడమటి గోడ, ఒకే ఒక్క కిటికీ. హైదరాబాదులోనో విజయవాడలోనో పై అంతస్తులో ఇలాంటి గది ఉంటే ఏప్రిల్ చివరికల్లా రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడి తగులుతుంది. అద్దె ఇల్లు కాబట్టి గోడకు కన్నం పెట్టనివ్వరు. స్ప్లిట్ ఏసీ బయటి యూనిట్‌కు చోటు ఉండదు. అప్పుడు చూపు పోర్టబుల్ ఏసీ మీద పడుతుంది. చక్రాలున్నాయి, ప్లగ్గు పెడితే చాలంటారు షాపులో. ప్లగ్గు పెడితే చాలదు. ఆ మెషీన్ గదిని చల్లబరుస్తుందా లేదా అన్నది టన్నుల కంటే ముందు దాని వెనకున్న గొట్టం, ఆ గొట్టం బయటికి పోయే కిటికీ తేలుస్తాయి.

ముందుగా ఒక తికమక వదిలించుకోవాలి. ఆన్‌లైన్‌లో పోర్టబుల్ ఏసీ అని వెతికితే నీళ్లు పోసి వాడే చిన్న కూలర్లు కూడా అదే పేరుతో వచ్చేస్తాయి. గుర్తుపట్టడం తేలికే. అసలు ఏసీలో కంప్రెసర్ ఉంటుంది, బరువు 25 నుంచి 35 కిలోల దాకా తూగుతుంది. వెనక ప్లేటు మీద గ్యాస్ పేరు, అంటే ఆర్32, ఆర్410ఏ, ఆర్290 లాంటిది, అది ఎన్ని గ్రాములుందో రాసి ఉంటుంది. ఐదారు అంగుళాల లావు గొట్టం వస్తుంది. గొట్టం లేనిది ఏసీ కాదు. గదిలోంచి తీసిన వేడి బయటికి పోవడానికి దారి ఉండి తీరాలి కదా.

ఇక్కడ దొరికేవి ఎక్కువగా ఒకే గొట్టం ఉన్న మెషీన్లు. వాటి లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒక కాయిల్ మీదుగా వెళ్లిన గాలి చల్లబడి గదిలోకే వస్తుంది. రెండో కాయిల్ వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి కూడా మెషీన్ గది గాలినే లాగి గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది. అంటే కరెంటు ఖర్చుపెట్టి చల్లబరిచిన గాలిలో కొంత బయటికే పోతుంది. పోయినంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. తలుపు కింది సందు, కిటికీ రెక్కల మధ్య ఖాళీ, బాత్రూం వెంటిలేటర్, ఎక్కడ వీలుంటే అక్కడినుంచి వచ్చేస్తుంది.

ఎంత నష్టమో లెక్క వేద్దాం. గొట్టం గంటకు 250 క్యూబిక్ మీటర్ల గాలి తోస్తోందనుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పదేసి అడుగులున్న గదిలో పట్టే గాలి మొత్తం 28 క్యూబిక్ మీటర్లే. అంటే గంటకు దాదాపు తొమ్మిదిసార్లు గది గాలి మారిపోతోంది. లోపలికి వచ్చే గాలి 42 డిగ్రీలుంటే, దాన్ని 26 డిగ్రీలకు దించడానికే 1.3 కిలోవాట్ల చల్లదనం ఖర్చు. ఒక టన్ను అంటే 12,000 బీటీయూ, అంటే 3.5 కిలోవాట్లు. మూడో వంతుకు పైగా అక్కడే పోయింది. ఇది వేడి లెక్క మాత్రమే, గాలితోపాటు వచ్చే తేమను పిండడానికయ్యేది వేరే. అదే గాలి 33 డిగ్రీలున్న హాల్లోంచి వస్తే ఖర్చు 0.6 కిలోవాట్ల లోపే. అందుకే కిటికీ సందులూ బాత్రూం తలుపు సందులూ గట్టిగా మూసి, హాలు వైపు తలుపు కింద సందు మాత్రం వదిలెయ్యండి. అన్ని వైపులా బిగించేస్తే మెషీన్ గాలి అందక, ఎండ తగిలే గోడ వైపు చిన్న చిన్న పగుళ్లలోంచే వేడి గాలిని లాక్కుంటుంది.

బాత్రూం సంగతి ఇంకాస్త చెప్పాలి. గదిలో గాలి తగ్గి లాగుడు మొదలైతే, నీళ్లు ఎండిన నహానీ ట్రాప్‌లోంచి, అంటే నేల జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నెలోంచి, డ్రైనేజీ వాసన గదిలోకి వస్తుంది. రోజూ ఒక చెంబెడు నీళ్లు పోస్తే ఆగుతుంది. గ్యాస్ గీజరు ఉన్న బాత్రూం ఆ గదికి ఆనుకుని ఉంటే మాత్రం ఒక గొట్టం మెషీన్ పెట్టకండి. గీజరు పొగ బయటికి పోయే బదులు వెనక్కి గదిలోకి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

రెండు గొట్టాల మెషీన్ అయితే ఒక గొట్టంతో బయటి గాలి తెచ్చుకుని, వేడి కాయిల్‌ను చల్లార్చి, రెండో గొట్టంతో బయటికే పంపుతుంది. గది గాలి జోలికి పోదు. మండుటెండలో బయటి గాలే వేడిగా ఉంటుంది కాబట్టి కంప్రెసర్ మీద భారం కొంచెం పెరుగుతుంది, అయినా మొత్తం మీద ఇదే మేలు. దొరికితే, రెండు గొట్టాలకూ కిటికీలో చోటుంటే దీన్నే తీసుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. అక్కడ డబ్బా మీద చల్లబరిచే శక్తిని బీటీయూల్లో చెప్పే రెండు అంకెలుంటాయి, పాత పద్ధతిలో కొలిచిన ఆష్రే అంకె, దాంతోపాటు ఎస్‌ఏసీసీ అంకె. ఆష్రే 14,000 అన్న మెషీన్ పక్కన ఎస్‌ఏసీసీ 8,000 నుంచి 10,000 మధ్య కనిపిస్తుంది. గొట్టం వల్ల పోయేది కూడా తీసేసిన అంకె అది. రెండోదాన్నే నమ్మండి.

మన దగ్గర ఒక టన్ను పోర్టబుల్‌ను పై అంతస్తులో 100 చదరపు అడుగుల గదికి, మధ్య అంతస్తులో 120 దాకా లెక్కపెట్టుకోండి. 150 దాటిన పై అంతస్తు గదికి కొంటే మధ్యాహ్నం రెండింటికి 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు కిటికీ. డబ్బాలో వచ్చే పొడవాటి ప్లాస్టిక్ పలక పక్కకు జరిగే అద్దాల కిటికీ కోసం చేసింది. యూపీవీసీ స్లైడింగ్ కిటికీ అయితే రెక్కను ఒక ఆరేడు అంగుళాలు జరిపి ఆ పలకను నిలువుగా ఇరికిస్తే సరిపోతుంది. అయితే రెండు అద్దాలూ ఒకదాని వెనక ఒకటి ఉన్నచోట పైనుంచి కిందిదాకా సన్నని సందు పడుతుంది. చాలామంది దాన్ని చూడరు. ఫోమ్ టేపుతో అక్కడ మూయాలి.

మన పాత ఇళ్లలో కర్ర చట్రం, లోపల ఇనప ఊచలు, బయటికి తెరుచుకునే రెక్కలు. ఊచల మధ్య నాలుగైదు అంగుళాలే ఉంటుంది, గొట్టం దూరదు. దూరాల్సిన అవసరమూ లేదు. ఒక రెక్క తెరిచి, ఆ మేరకు ఊచలకు లోపలి వైపు ఒక షీటు బిగించి, దానికి కన్నం చేసి గొట్టం మూతిని అక్కడ ఆనించండి. గాలి ఊచల మధ్య నుంచి బయటికి పోతుంది. షీటుకు ప్లైవుడ్ వాడితే మొదటి వానకే ఉబ్బుతుంది. షాపుల బోర్డులకు వాడే 3 లేదా 4 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు మంచిది. బోర్డులు చేసే షాపులో కొలతలిస్తే కోసిస్తారు. కన్నం మూతి కంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువ, అంతే. అంచుల చుట్టూ ఫోమ్ టేపు. ఆ భాగంలో దోమల జాలీ ఉంటే తీసెయ్యాలి. జాలీకి దుమ్ము పట్టి గాలి అడ్డుకుంటే మెషీన్ వేడెక్కి ఆగిపోతుంది.

తలుపు మీదున్న వెంటిలేటర్‌లోకి గొట్టం పెట్టొచ్చా అని అడుగుతుంటారు. గొట్టం పొడవు సాధారణంగా మీటరున్నర. ఏడడుగుల ఎత్తుకు, ఒక వంపు తిరిగి, అది అందదు. ఇంకో గొట్టం అతికించి పొడిగిస్తే లోపలి ఫ్యాను అంత దూరం గాలిని తోయలేదు. వేడి వెనక్కి తన్నుతుంది, కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. గొట్టం ఎంత పొట్టిగా, తిన్నగా ఉంటే అంత మంచిది. ఇంకో మాట. నడుస్తున్నప్పుడు గొట్టం 50 డిగ్రీలు దాటి కాలుతూ ఉంటుంది. ఆరంగుళాల లావు, మీటరున్నర పొడవు గొట్టం అంటే 0.7 చదరపు మీటర్ల వేడి ఉపరితలం చల్లటి గదిలోనే ఉందన్నమాట. అది 150 వాట్ల దాకా వేడిని తిరిగి గదిలోకే వదులుతుంది. రాగి పైపులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు ఒక పొర చుట్టండి. తేడా చేతికే తెలుస్తుంది.

కరెంటు విషయంలో రాజీ వద్దు. ఒక టన్ను మెషీన్ 1,100 నుంచి 1,400 వాట్లు, అంటే ఐదారు ఆంపియర్లు నిలకడగా లాగుతుంది, స్టార్టింగులో ఇంకా ఎక్కువ. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దాని వెనక 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు, ఎనిమిది గంటలు నడిస్తే ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. సాయంత్రం ఓల్టేజి 180కి పడిపోయే వీధుల్లో ఏసీ స్టెబిలైజరు తప్పదు, కరెంటు పోయి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి కలిపే రకం చూడండి. 1,200 వాట్ల మెషీన్ రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే 9.6 యూనిట్లు, నెలకు 288. ఇప్పుడున్న బిల్లుకు అది కలిపి ఏ స్లాబులో పడతారో ముందే చూసుకోండి.

నీళ్ల సంగతి ఊరిని బట్టి ఉంటుంది. కర్నూలు, రామగుండం లాంటి చోట్ల మే నెల పొడి గాలిలో మెషీన్ పిండిన కాస్త నీటినీ వేడి కాయిల్ మీద చల్లి ఆవిరి చేసేసుకుంటుంది. విశాఖ, కాకినాడల్లో ఆ పప్పులు ఉడకవు. ట్యాంకు నిండి, లోపలి ఫ్లోటు లేచి, అర్ధరాత్రి కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటుంది కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటారు. కింద రబ్బరు బిరడా తీసి పళ్లెంలోకి వంచండి, మళ్లీ మొదలవుతుంది. రోజూ ఇదే జరిగితే వెనకున్న డ్రెయిన్ మూతికి పైపు తగిలించి వాలుగా బాత్రూంలోకి వదలాలి.

చప్పుడు కూడా ముందే తెలుసుకోండి. స్ప్లిట్‌లో కంప్రెసర్ బయట ఉంటుంది, ఇందులో మంచం పక్కనే. నిద్ర పల్చనివాళ్లు షాపులో ఆన్ చేయించి రెండు నిమిషాలు పక్కన నిలబడి వినాలి. ఇంటి ఓనరు ఒప్పుకుని, కిటికీ చట్రం బరువు మోస్తుందంటే, అదే డబ్బుకు విండో ఏసీ ఎన్నో రెట్లు మెరుగు. ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట.

ఏది కొన్నా, దానికంటే ముందు స్లాబు మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఎండ స్లాబులోకి ఎక్కకముందే తిరిగి వెళ్లిపోతే ఆ చిన్న మెషీన్‌కు సగం బరువు దిగినట్టే.

ఇంటికి తెచ్చేటప్పుడు నిలువుగానే తేవాలి. ఆటోలో పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్ నూనె పైపుల్లోకి పోతుంది, ఒక రోజంతా నిలబెట్టి ఉంచాకే ఆన్ చెయ్యండి. వెనక గోడకు అడుగున్నర ఎడం వదలండి. ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి, రోడ్డు పక్క ఇల్లయితే వారం వారం. జూలైలో మూలన పెట్టే ముందు నీళ్లన్నీ వంచేసి, సగం రోజు ఫ్యాను మీద నడపండి. లోపలి కాయిల్ తడి పూర్తిగా ఆరాక గొట్టం విప్పి, దాని మూతి గుడ్డతో కట్టి, మెషీన్ నిలువుగా ఉంచి కప్పెయ్యండి.