చాప పరిచేది ఎవరు, సంతకం పెట్టేది ఎవరు

క్రైస్తవ సంఘంలో స్త్రీల స్థానం గురించి మాట మొదలైతే చాలు, చర్చ ప్రసంగ వేదిక దగ్గరికి వెళ్లిపోతుంది. ఆడవాళ్లు వాక్యం చెప్పవచ్చా, పాస్టర్లు కావచ్చా అని. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వరకు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో పుష్పలలిత గారు ఆ సంఘానికి మొదటి మహిళా బిషప్‌గా అభిషేకం పొందారు. అయినా చాలా పల్లె సంఘాల్లో ఈ రోజుకీ ఆరాధనలో వచ్చిన కానుక లెక్కపెట్టే బల్ల దగ్గర ఒక్క స్త్రీ కూడా కనిపించదు. పనికి స్త్రీలు, పద్దుకు పురుషులు. ఈ పద్ధతి ఏ వాక్యంలోనూ లేదు, ఏ నియమావళిలోనూ లేదు. అలవాటుగా సాగుతోంది, అంతే. కాబట్టి మార్చడం మన చేతిలోనే ఉంది.

మొదట చూడాల్సింది చందా పుస్తకం. సర్వసభ్య సమావేశంలో ఓటు ఉండాలంటే ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) తీసుకునే సభ్యులై ఉండాలి, చందా కట్టి ఉండాలి అనే నియమం చాలా సంఘాల్లో ఉంది. ఇంటి చందా మొత్తం భర్త పేరున ఒకే రసీదుగా రాస్తారు. సంఘ కమిటీ ఎన్నికల ముందు ఓటర్ల జాబితా తయారయ్యేసరికి భార్య పేరు ఉండదు, పెళ్లికాని కూతురి పేరు అసలే ఉండదు. ఎవరూ కావాలని తీసేయలేదు, రసీదు అలా రాశారు. ఇంట్లోవాళ్లు నెలకు 100 రూపాయలే ఇవ్వగలిగితే 50, 50గా ఇద్దరి పేర్లతో రెండు రసీదులు రాయించుకోవాలి. ఎన్నికలకు కనీసం రెండు నెలల ముందే జాబితా అడిగి చూడాలి. ఆ రోజే వచ్చి పేరు లేదంటే కోశాధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. ముందుగా మీ సంఘ నియమావళి చదవండి, సభ్యత్వ నియమాలు ఒక్కో సంఘానికి ఒక్కో విధంగా ఉంటాయి.

కమిటీలోకి ఒక్క స్త్రీని మాత్రమే తీసుకుంటే ఆమె మాట్లాడదు. ఎనిమిది మంది పెద్దల మధ్య ఒంటరిగా కూర్చున్న మనిషికి, అందులో సగం మంది మామగారి వరసో బావగారి వరసో అయినప్పుడు, నోరు పెగలడం కష్టం. ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరి మాటను ఇంకొకరు అందుకుంటారు. సమావేశం వేళ కూడా ముఖ్యమే. రాత్రి ఎనిమిదికి పాస్టరుగారి ఇంట్లో పెడితే వంట పొయ్యి మీద వదిలి ఎవరొస్తారు? ఆదివారం ఆరాధన అయిన వెంటనే ఒక గంటలో ముగిసేలా పెట్టండి.

ఇక కానుక. సంచులు తిరిగాక ముగ్గురు, వారిలో కనీసం ఒకరు స్త్రీ, చర్చిలోనే అందరికీ కనబడేలా లెక్కపెట్టాలి. నోట్లు ఏ విలువవి ఎన్ని, చిల్లర ఎంత, కృతజ్ఞత కవర్లు ఎన్ని అని విడివిడిగా రాసి ముగ్గురూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో కట్టి ఆ చీటీని రిజిస్టరులో అంటించాలి. లెక్క ఎవరింట్లోనో జరిగిన చోటే అనుమానాలు పుడతాయి. ఆ అనుమానం చివరికి నిజాయితీపరుణ్ణి కూడా వదలదు.

గుప్పెడు బియ్యం సంగతి మరీ విడ్డూరం. పూట పూటకూ ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు దేవునికి పక్కన పెట్టేది ఇల్లాలు. గుప్పెడు 50 గ్రాములనుకుంటే రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. నలభై ఇళ్ల సంఘమైతే 120 కిలోలు. ఇది చిన్న మొత్తం కాదు. అయితే సన్నబియ్యం, ముతక బియ్యం ఒకే గోనెలో పోస్తే అంతా తక్కువ ధరకే పోతుంది. రెండు డబ్బాలు పెట్టండి. నెల దాటితే పురుగు పడుతుంది కాబట్టి నెలనెలా తూచి అమ్మేయండి. అమ్మిన డబ్బు సాధారణ నిధిలో కలిసిపోతే చాపలు, ఫ్యాన్లు ఎవరి బియ్యంతో కొన్నారో రెండేళ్లకు ఎవరికీ గుర్తుండదు. స్త్రీల సమాజం పేరున వేరే ఖాతా తెరిచి, ఇద్దరు స్త్రీల సంతకాలతో నడపాలి. ఖాతాకు తీర్మానం కావాలి, దాన్ని మినిట్స్‌లో రాయించాలి.

ప్రభు సంస్కారం సిద్ధం చేసేది దాదాపు ఎప్పుడూ పాస్టరమ్మగారే, అంటే పాస్టరుగారి భార్యే. అరకిలో గింజలేని నల్ల ఎండుద్రాక్ష కడిగి, లీటరున్నర నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున ఇరవై నిమిషాలు సన్నమంట మీద మరిగించి, చల్లారాక పలుచని బట్టలో పిండితే దాదాపు లీటరు రసం వస్తుంది. గిన్నెకు 10 మిల్లీలీటర్ల లెక్కన వంద మందికి సరిపోతుంది. ఎండాకాలంలో బయట ఉంచితే మర్నాటికే పులుస్తుంది. రొట్టె అంచులు తీసి ముక్కలు కోశాక తడిబట్ట కప్పకపోతే ఆరిపోయి పొడిపొడి అవుతుంది. ఇంత శ్రద్ధగా సిద్ధం చేసిన చేతులు సంస్కారపు పళ్లేన్ని వరుసల్లోకి అందించకూడదని ఎందుకు అనుకుంటాం? పాస్టరు అభిషేకం గురించి సంఘాలకు వేర్వేరు నమ్మకాలున్నాయి, వాటిని గౌరవిస్తాను. కానీ పళ్లెం మోయడానికి అభిషేకం అవసరమని మన సంఘాలేవీ చెప్పవు, పెద్దలు మోస్తూనే ఉన్నారు కదా.

“స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను” అన్న మాటను బైబిలులో పౌలు రాసిన పత్రిక (ఉత్తరం) 1 కొరింథీయులకు 14వ అధ్యాయం నుంచి చూపిస్తారు. అదే పత్రిక 11వ అధ్యాయం 5వ వచనంలో స్త్రీ ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగు గురించి పౌలు రాశాడు. ఆమె నోరు విప్పడం జరుగుతున్నట్టే కదా అక్కడ! అపొల్లో అనే బోధకుడికి దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించినవారిలో ప్రిస్కిల్ల ఉంది, అపొస్తలుల కార్యములు 18:26. ఈ మూడూ కలిపి చదవకుండా ఒక్కదాన్నే గోడమీద రాయడం వాక్యానికి న్యాయం కాదు.

సండే స్కూలులో ఇంకో రకం చిక్కు. టీచర్లందరూ పెళ్లికాని ఆడపిల్లలే. పెళ్లై వేరే ఊరు వెళ్లగానే తరగతి ఆగిపోతుంది. ప్రతి తరగతికీ ఇద్దరిని పెట్టాలి, అందులో ఒకరు యువకుడైతే మంచిది. మగపిల్లలు పన్నెండేళ్లకే సండే స్కూలు మానేయడానికి అక్కడ తమలాంటి మనిషి కనబడకపోవడమూ ఒక కారణమే.

మిషనరీల కాలంలో బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి, రోగులను చూసి, జీతం తీసుకునేవారు. చాలాచోట్ల ఆ ఉద్యోగాలు పోయాయి, పని మాత్రం పాస్టరమ్మగారి మీద పడింది. కొత్త పాస్టరు వచ్చినప్పుడు పాస్టరమ్మగారు ఏ పనులు చేయగలరో, ఏవి వద్దనుకుంటున్నారో కమిటీ ఆమెనే అడిగి రాసుకోవాలి. ఆమెకు వేరే ఉద్యోగం ఉంటే ఆమె నడిపే గురువారం ప్రార్థన కూటాన్ని స్త్రీల సమాజంలో వంతులవారీగా నడపవచ్చు. ఆమె ఆసుపత్రి పరామర్శలకు, గృహ కూటాలకు వెళ్తే ఆటో ఖర్చు సంఘ నిధి నుంచి ఓచరు మీద ఇవ్వాలి, పాస్టరుగారి జీతంలో నుంచి కాదు.