గ్లాక్ 32 అని రాసినందుకు నేను పడ్డ బాధ

పిస్తోలు లైసెన్సు మొన్న శుక్రవారం చేతికొచ్చింది. మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్న.

నేను ఫౌజుల ఇరవై రెండేండ్లు చేసి హవల్దారుగా రిటైరైన. అందుల మూడేండ్లు డిప్యుటేషన్ మీద హర్యానా మానేసర్‌ల ఎన్‌ఎస్‌జీ, అంటే బ్లాక్ క్యాట్ కమాండోల దళం. ఇప్పుడు మిర్యాలగూడల ఒక రైసుమిల్లుల పనిచేస్తున్న. వడ్ల సీజన్ల బ్యాంకు నుంచి పైసలు తెచ్చేటప్పుడు సేటు పక్కన నేనే కూసుంట. "హవల్దార్ సాబ్, సొంతంగ లైసెన్సు తీస్కోండి, జీతం పెంచుత" అన్నడు సేటు. గట్ల మొదలైంది.

ఆధార్, డిశ్చార్జి బుక్కు, ఫొటోలు పెట్టి దరఖాస్తు వేసుడు ఒక్క రోజు పని. ఠాణా నుంచి ఇద్దరొచ్చి ఇరుగుపొరుగును అడిగి పోయిండ్రు. మతి సక్కగనే ఉన్నదని డాక్టరు కాయితానికి ఒక పూట పట్టింది. ఇవేవీ కష్టం కాలె.

కష్టమంతా నేను రాసిన ఒక్క మాట తెచ్చింది.

మానేసర్‌ల నా చేతికి మొదటిసారి గ్లాక్ 17 పిస్తోలు ఇచ్చిన రోజు ఇంకా యాదికుంది. అంతకుముందు నాకు తెలిసింది ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్తోలు, పదమూడు తూటాలది, బాడీ అంత ఇనుమే. ఎండకాలం రేంజి మీద పడుకుంటే పిడి పక్కల ఇనుము అరచేతికి సురసుర తగిలేది. చెమట తడి ఉంటే తెల్లారేసరికి ఎర్రగ తుప్పు. గ్లాక్ చేతిల పెట్టుకుంటే పిల్లల ఆటబొమ్మ తీరు తేలికగుంది. ఖాళీగ ఉంటే 630 గ్రాముల చిల్లర. పిడి, ఫ్రేమంత పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్. పైన ముందుకు వెనక్కు జరిగే స్లైడు, లోపల బ్యారెల్ ఉక్కు. మా ఉస్తాద్ దాన్ని దుమ్ముల పొర్లించి, దులిపి, పదిహేడు తూటాలు ఆపకుండ కొట్టి చూపించిండు. ఒక్కటి కూడ ఇరుక్కోలె. ఆ రోజు నుంచి ఇంకో పిస్తోలు నా కంటికి ఆనలె.

దీని మీద ఊర్ల మాట్లాడే మాటలల్ల సగం తప్పే. ప్లాస్టిక్ గనుక ఎయిర్‌పోర్టు మిషన్ల కనపడదంటరు. బ్యారెల్, స్లైడు ఉక్కువి, ఎందుకు కనపడదు? సేఫ్టీ లేదంటరు. పక్కన బొటనవేలితో తిప్పే లీవరు లేదు, అది నిజమే. కానీ లోపల మూడున్నయి. ట్రిగ్గరు నడుమ చిన్న నాలుక ఉంటది, వేలు దాన్ని నొక్కితేనే ట్రిగ్గరు కదులుతది. తూటాను కొట్టే ఫైరింగ్ పిన్నుకు ఒకటి, చేయి జారి కింద పడితే పేలకుండ ఇంకొకటి. కానీ వేలు ట్రిగ్గరు మీద పెట్టుకొని తిరిగేటోడిని ఏ సేఫ్టీ కాపాడదు. సాఫు చేసేందుకు పిస్తోలు విప్పేటప్పుడు ట్రిగ్గరు ఒకసారి నొక్కాలె, ఇది మరింత ప్రమాదం. మ్యాగజీను తీసి, స్లైడు గుంజి, తూటా కూసునే చాంబర్ల కన్ను పెట్టి చూసి, చిటికెనవేలు కూడ పెట్టి తడిమి, అప్పుడు నొక్కాలె. మాకు రోజూ ఇదే పాఠం.

9 ఎంఎం మామూలు జనానికి రాదని నాకు తెలుసు, అది ప్రొహిబిటెడ్ బోరు, అంటే జనానికి ఇయ్యని తూటా సైజు. .32 బోరుకే పోవాలనుకున్న. ఫారాలు నింపే ఏజెంటు ఒకడు దొరికిండు. "అన్నా, గ్లాక్‌ల 32 కూడ ఉన్నది, హైదరాబాద్‌ల ఒక పెద్దమనిషి అమ్ముతున్నడు, పాత ఇంపోర్టు" అన్నడు. నాకు 17 తప్ప వేరే మోడల్ సంగతి తెల్వదు. 32 అంటే .32 బోరే అనుకున్న. "గ్లాక్ 32, .32 బోరు" అని నా చేత్తోనే రాసిన.

ఏ ఆఫీసో చెప్పను. హాల్ల పదిహేను మంది కూసున్నరు, మా ఊరి మాజీ సర్పంచి కూడ ఉన్నడు. లోపలి ఆఫీసరు నా కొడుకు వయసోడు. ఫారం చూసి తలెత్తిండు.

"హవల్దార్ గారూ, గ్లాక్ 32ల ఏ తూటా పడ్తది?"

".32 సార్."

"అది మోడల్ నెంబరు. దాంట్ల పడేది .357 సిగ్. గ్లాక్ కంపెనీ .32 తూటాకు పిస్తోలే చేయదు. మీరు ఎన్‌ఎస్‌జీల చేసిన్రా?"

తలుపు తీసే ఉంది. హాలంత చప్పుడు లేదు. ఆయన ఆగలె. మనోళ్లు బయటినుంచి తుపాకులు తెప్పించుకునే దారి ఎనభైలల్లనే మూసుకపోయింది, ఆ తూటా పుట్టిందే 1994ల, మరి మీకు అమ్ముతనన్న పాత ఇంపోర్టు ఏ దారిన వచ్చింది అన్నడు. నా దగ్గర జవాబు లేదు. మూడు సేఫ్టీలు చెప్పిన, విప్పే తీరు చెప్పిన. "ఇవన్నీ ఫోన్ల చూసి ఎవరైన చెప్తరు" అన్నడు. డిశ్చార్జి బుక్కుల మానేసర్ డిప్యుటేషన్ ఒక్క లైను. దాని మీది రబ్బరు ముద్ర నీళ్లు తగిలి ఊదారంగు మరకైంది. వేలు పెట్టి చూపించిన. "రికార్డ్ ఆఫీసు నుంచి లెటర్ తెండి" అని ఫైలు పక్కకు పెట్టిండు.

బయటికొస్తుంటే సర్పంచి లేచి భుజం మీద చెయ్యేసి "ఏం కాదు తమ్మీ" అన్నడు. ఆ మాటే ఇంక కుచ్చుకుంది. ఇరవై రెండేండ్లు చేసిన నౌకరీని ఒక్క అంకె అబద్ధం చేసింది.

ఇంటికొచ్చి మా చిన్నోడు, నేను కూసొని ఆ నెంబర్లన్నీ వెతికినం. గాస్టన్ గ్లాక్ అనే ఆస్ట్రియా ఆయన అంతకుముందు పిస్తోలే చేయలె, కర్టెన్ల రాడ్లు, ఫౌజుకు చాకులు చేసేటోడు. ఈ పిస్తోలు ఆయన పదిహేడో పేటెంటు, అందుకే 17. దాన్నే 1982ల ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. ఆ తర్వాత వరుస నెంబర్లు, తూటాతో సంబంధమే లేదు. గ్లాక్ 22ల పడేది .40 తూటా. .22 తూటాది కావాలంటే గ్లాక్ 44, అది 2020ల వచ్చింది. ఆఫీసరు చెప్పింది అక్షరం అక్షరం నిజం. నా నౌకరీని శంకించింది మాత్రం తప్పు, అది ఇప్పటికీ ఒప్పుకోను.

ఫౌజు రికార్డ్ ఆఫీసుకు రిజిస్టర్ పోస్టుల రాసిన. ఏడు వారాలకు లెటర్ వచ్చింది, మానేసర్ తేదీలతో. ఈసారి ఫారం నేనే నింపిన. పిస్తోలు, .32, అంతే, కంపెనీ పేరు రాయలె. ఫారాలు నింపేటోళ్లకు రూపాయి ఇయ్యకుండ్రి, మీ తుపాకీ గురించి మీరే రాసుకోండ్రి. పాత ఇంపోర్టు అనేటోడు కనపడితే అక్కడినుంచి లేచి పోండ్రి, ఆ కాయితాలు దొంగవైతే జైలుకు పోయేది మీరే. లైసెన్సు ఇప్పుడు ఐదేండ్లకు ఇస్తరు, 2019ల ఆయుధాల చట్టం సవరణకు ముందు మూడేండ్లే ఉండె.

అదే ఆఫీసరు లెటర్ రెండుసార్లు చదివి లేచి నిలబడి "కూసోండి సార్" అన్నడు. ఈసారి తలుపు మూసి ఉంది.

సోమవారం సేటు, నేను హైదరాబాద్ పోయి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 అశని పిస్తోలు చూసి రావాలె.