తలపాగా తీసిన శాక్యసింహుడు

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు కార్తీక మాసం వస్తే నాన్న మమ్మల్ని అమరావతి తీసుకెళ్ళేవాడు. కృష్ణలో మునిగి, అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, పులిహోర డబ్బా పట్టుకుని దీపాలదిన్నెకు నడిచేవాళ్ళం. బౌద్ధుల మహాస్తూపం ఉన్న దిబ్బను ఊళ్ళో పెద్దవాళ్ళు అలాగే పిలిచేవారు. దక్షిణం వైపు గడ్డిలో కూర్చుని తినేవాళ్ళం. చుట్టూ విరిగిన రాళ్ళు, మధ్యలో మట్టి. "బొమ్మలేవి నాన్నా?" అంటే, "కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో" అనేవాడు. ఆ మద్రాసు బొమ్మలు చూడటం నాకు మొన్న మొన్నటిదాకా కుదరలేదు.

పినాకినిలో చెన్నై చేరేసరికి మధ్యాహ్నమైంది. పెరంబూరులో మావయ్య వాళ్ళిల్లు. శుక్రవారం ఎగ్మూరు మ్యూజియానికి సెలవు కాబట్టి శనివారం పొద్దున్నే టిఫిన్ చేసి ఇద్దరం బయల్దేరాం. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నా మావయ్య కూడా అమరావతి గ్యాలరీలో అడుగుపెట్టడం అదే మొదటిసారట.

లోపలికి వెళ్ళగానే రాయి రంగు చూసి ఆగిపోయాను. పాలరాయి అంటుంటారు గానీ అది మన పలనాటి సున్నపురాయి. తెలుపులో సన్నగా ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. దిన్నె దగ్గర కాళ్ళకు తగిలే రాయి అదే. ఇక్కడ అది మనుషులై, ఏనుగులై, సింహాలై నిలబడి ఉంది. 1797లో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చేనాటికే దిబ్బ తవ్వి రాళ్ళు తీసుకుపోతున్నారు. కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1845లో ఇంకో అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. సున్నపు బట్టీకి పోయిన బొమ్మల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నేను ఎక్కువసేపు నిలబడింది స్తూపం బొమ్మనే చెక్కిన ఒక పలక ముందు. స్తూపం చుట్టూ ఇలాంటి పలకలు తాపడం చేసేవారు. అందులో ప్రాకారం, ద్వారం, ద్వారం వెనక వరసగా ఐదు ఆయక స్తంభాలు ఉన్నాయి. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం, వీటికి గుర్తులు ఆ ఐదూ. ద్వారం దగ్గర స్తంభాల మీద సింహాలు కూర్చున్నాయి. గుప్పిట్లో పట్టేంత బొమ్మలే అయినా ముందుకాళ్ళు నిటారుగా పెట్టి, రొమ్ము విరుచుకుని ఉన్నాయి. నిజం ద్వారాల దగ్గర నిలువెత్తు సింహాలుండేవి. అలాంటి విడి సింహం దగ్గరికి వెళ్ళి చూస్తే జూలు వెంట్రుకల్లా లేదు, ఉంగరాలు ఉంగరాలుగా వరసలు తీర్చి ఉంది. ఎవరో కూర్చోబెట్టి తల దువ్వినట్టుంది. నోరు మాత్రం బాగా తెరిచి ఉంది.

ఆ నోటికి అర్థం ఉంది. బుద్ధుడు శాక్యసింహుడు, అంటే శాక్య వంశపు సింహం. పాళీ సూత్రాలు ఆయన బోధను సింహనాదం అంటాయి. ఈ మాట చెబుతుంటే మావయ్య జేబులోంచి పది రూపాయల బిళ్ళ తీసి చూపించాడు. "మరి ఇదో?" సారనాథ్ స్తంభం మీద అశోకుడు నిలిపిన నాలుగు సింహాలు. 1950 జనవరి 26న మన రాజముద్ర అయ్యాయి. ఎదురుగా మూడే కనిపిస్తాయి. బుద్ధుడు మొదటిసారి బోధించిన ఊరు అది కాబట్టి అక్కడ సింహాలు నాలుగు దిక్కులకూ నోరు తెరిచాయి. మన అమరావతిలో నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, వాటి దగ్గర సింహాలు. మావయ్య బిళ్ళను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

తరువాత జగ్గయ్యపేట నుంచి వచ్చిన చక్రవర్తి పలక. మాంధాత అంటారు. చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేల వాన కురుస్తోంది. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, రాణి, సప్తరత్నాలన్నీ ఉన్నాయి. నా చూపు మాత్రం తలపాగా మీదే. గుడ్డ మడతలు ఒకదాని మీద ఒకటి ఎలా ఎక్కాయో గీతల్లో తెలుస్తోంది. నుదుటి పైన పెద్ద ముడి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ఆ పాత శిల్పాల్లో మగవాళ్ళకు ఆ ముడి లేకపోతే తల బోసిగా ఉన్నట్టే. "మా తాత కట్టే తలపాగా ఇలాగే ఉండేది, ముడి పక్కకి వచ్చేది అంతే" అన్నాడు మావయ్య.

అంతమంది తలపాగాల మధ్య బుద్ధుడి తల ఎలా ఉందో నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన ఫలకంలో చూశాను. గుండ్రటి రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంది. ఒకచోట మదమెక్కి రాజగృహ వీధిలో మనుషుల్ని తొక్కుతోంది, ఇంకోచోట మోకాళ్ళ మీద వంగింది. పై కిటికీల్లోంచి ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. ఆ హడావిడిలో బుద్ధుడు తలకేమీ లేకుండా, ఒంటి మీద చీవరంతో, అంటే భిక్షువుల వస్త్రంతో, నిలబడి ఉన్నాడు. ఇల్లు విడిచిన రాత్రి సిద్ధార్థుడు తలపాగా తీసి, కత్తితో జుట్టు కోసుకున్నాడు. దాన్ని దేవతలు స్వర్గానికి తీసుకుపోయి పండగ చేశారని కథ. చూడామహం అంటారు. మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ స్తూపం రాతి మీద ఆ పేరు చెక్కి మరీ ఉంది.

నన్ను ఆ రోజంతా వదలని మాట ఇంకొకటి ఉంది, ఉష్ణీషం. సంస్కృతంలో ఆ మాటకు అర్థం తలపాగా. తలపాగా తీసేసిన బుద్ధుడి నడినెత్తిన కనిపించే ఉబ్బునూ ఉష్ణీషమే అంటారు. స్తూపం ప్రాకారంలో నిలువు స్తంభాల మీద అడ్డంగా పరిచే పైరాయి పేరూ ఉష్ణీషమే. అమరావతి దాన శాసనాల్లో ఈ మాట ప్రాకృత రూపంలో కనిపిస్తుంది. అంటే ఆయన తీసేసిన తలపాగాను మనవాళ్ళు రాళ్ళతో మళ్ళీ ఆయన చుట్టూ కట్టారని నాకనిపించింది. దాని మీద లావుపాటి పూలదండను కుర్రాళ్ళు భుజాన మోస్తూ పోతున్నట్టు చెక్కారు. ఈ స్తూపానికి రాళ్ళిచ్చినవాళ్ళలో భిక్షుణులు, వర్తకులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం, అంటే నిండుకుండ, చెక్కిన పలక ఇచ్చాడు. ఇంటిల్లిపాదినీ కలుపుకుని ఇచ్చాడు.

బయటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. మావయ్య తువ్వాలు తలకు చుట్టుకుని చెట్టు కింద కూర్చున్నాడు. నేను నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, దిన్నె దగ్గర మనం పులిహోర తినేవాళ్ళం చూడు, దక్షిణం వైపు. అక్కడొక ద్వారం ఉండేది. సింహాలు ఆ పక్కనే ఉండేవి."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఏ వైపు చూస్తూ ఉండేవిరా?"

"బయటికి నాన్నా. వచ్చేవాళ్ళ వైపు."