చీలమండ మీద వయోలా
మా తిరుపతిలో ఎవురికైనా వయోలా అని చెప్తే వయోలినే కదా, పలకడం రాదా నీకు అంటారు. కాదప్పా, వేరే వాయిద్యం. వయోలిన్ బాడీ సుమారు 14 అంగుళాలుంటే ఇది 15 నుంచి 16న్నర దాకా ఉంటది, తీగలు లావు, బో, అంటే తీగల మీద లాగే కమాను, బరువు, గొంతు కొంచెం జలుబు చేసినట్టు మందంగా ఉంటది, నాకు అదే నచ్చింది.

వెస్టర్న్ వాళ్ళు దీన్ని సి, జి, డి, ఎ అని శృతి చేస్తారు, కర్ణాటక సంగీతం వాయించే మేం మాత్రం కింద కూర్చోని, వాయిద్యం మెడ చివర ఉండే తలని కుడికాలి చీలమండ మీద ఆనించి, స ప స ప అని పెట్టుకుంటాం. మా సార్ కచేరీలు చేసే మనిషి, ఇప్పుడు కూడా పొద్దున గుడిలో వాయించి సాయంత్రం మాకు పాఠం చెప్తారు. మొదటి రోజు నేను తోడి రాగం వాయిస్తే "ఏం నాయనా, గాంధారం ఊగాల గానీ వణకకూడదు" అన్నారు, గాంధారమంటే 'గ' స్వరం. వయోలిన్ మీద వేలు కొంచెం జరిపితే వచ్చే గమకం, అంటే స్వరంలో ఊపు, దీని మీద ఇంకా దూరం జరిపితేగానీ రాదు, రెండు నెలలు చిటికెనవేలు నొప్పే నొప్పి.

మన బాలమురళీకృష్ణ గారు పాడటమే కాదు, వయోలా కూడా వాయించేవారు, ఈ సంగతి చాలామందికి తెలీదు. తీగలు మాత్రం ఇక్కడ నాకు దొరకలా, ప్రతిసారీ చెన్నై పోవాల్సిందే. రేపు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌కి పోతా ఉండా.