పెదనాన్న రైఫిల్‌కు తూటాలు తయారు చేసుకున్న వైనం

దుకాణంలో .35 రెమింగ్టన్ అనే పాత రకం రైఫిల్ తూటాల పెట్టె దొరకడం కొన్నేళ్లుగా అదృష్టాన్ని బట్టి ఉంటోంది. 2020లో అమెరికాలో తూటాల కొరత మొదలయ్యాక పాత రకాలు అల్మారాల్లోంచి మాయమయ్యాయి. పెదనాన్న నాకు వదిలి వెళ్లిన రైఫిల్ సరిగ్గా ఆ పాత రకం తూటానే అడుగుతుంది. తుపాకి ఉండీ తూటా లేకపోతే అది గోడకు తగిలించుకునే వస్తువుగా మిగిలిపోతుంది. ఆయన దాన్ని అలా ఎన్నడూ చూడలేదు. అందుకే తూటాలు నేనే తయారు చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

రైఫిల్ సంగతి ముందు చెప్పాలి. ఇది రెమింగ్టన్ మోడల్ 81. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా 1906లో అమ్మకానికి వచ్చిన మోడల్ 8కు తర్వాతి రూపం. 1936 నుంచి 1950 వరకు తయారైంది. యంత్రభాగాలుండే రిసీవర్‌కు దగ్గరగా ఈ, జీ అని రెండు చిన్న ఇంగ్లిషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. రెమింగ్టన్ సంకేతంలో మొదటిది నెల, రెండోది సంవత్సరం. అంటే 1937 అక్టోబరు. పెదనాన్న అమెరికా వచ్చిన చాలా ఏళ్లకు దీన్ని వాడిన సరుకుగానే కొని, ప్రతి శరదృతువులో జింకల వేటకు తీసుకెళ్లేవారు. బరువు ఎనిమిది పౌండ్లకు పైనే. పేలిన ప్రతిసారీ తనే తర్వాతి తూటాను ఎక్కించుకునే ఇలాంటి సెమీ ఆటోమేటిక్‌తో జింకల వేటను పెన్సిల్వేనియా వంటి రాష్ట్రం అనుమతించదు కాబట్టి, వారసత్వంగా వచ్చినవాళ్లు తమ రాష్ట్రం నియమాలను ముందే చూసుకోవాలి. సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మడానికి తయారు చేస్తే మాత్రం కావాలి.

ఈ యంత్రం పనిచేసే తీరు తెలియకుండా దీనికి తూటా కట్టకూడదు. తూటా పేలగానే గొట్టం, దాని వెనక మూతలా ఉండే బోల్టు రెండూ ఒకదానికొకటి బిగిసి ఉండి, బయటి జాకెట్టు లోపల కలిసి వెనక్కి పోతాయి. అక్కడ బోల్టు ఆగిపోతుంది, గొట్టం ఒక్కటే స్ప్రింగు బలంతో ముందుకు వస్తుంది. ఆ కదలికలో పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగు బయటికి ఎగిరిపోతుంది. గొట్టం తన చోటికి చేరుకున్నాక బోల్టు కొత్త తూటాను తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది. ఇంత బరువైన ఇనుము ప్రతి పేలుడుకూ ముందుకూ వెనక్కూ పరుగెత్తుతుంది. తూటాలోని తుపాకి మందు బలం తక్కువైతే ఆ పరుగు పూర్తి కాదు. ఎక్కువైతే లోపలి భాగాలు ఒకదాన్నొకటి సుత్తిలా మోదుకుంటాయి. కాబట్టి ఈ రైఫిల్‌కు తూటా కట్టేటప్పుడు నేను పెట్టుకున్న లక్ష్యం ఒకటే. యంత్రాన్ని ప్రతిసారీ పూర్తిగా తిప్పగలిగే అతి తక్కువ బలం దగ్గర ఆగిపోవడం.

తూటాల పని మొదలుపెట్టకముందే రైఫిల్‌ను తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. బోల్టు కొక్కేల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూశారు, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్ కొలతను గేజ్‌తో సరిచూశారు, జాకెట్టు లోపలి స్ప్రింగులు నీరసించాయని చెప్పి కొత్తవి వేశారు. ఈ వయసు తుపాకికి ఇది తప్పించుకోకూడని ఖర్చు. నీరసించిన స్ప్రింగుతో ఎంత జాగ్రత్తగా మందు తూచినా ఫలితం ఉండదు.

ఇక పని. తూటాలో నాలుగే భాగాలు: ఇత్తడి తొడుగు, దాని అడుగున సూది దెబ్బకు నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పెదనాన్న పేల్చాక ఖాళీ తొడుగులను పారేయకుండా కాఫీ డబ్బాల్లో దాచి ఉంచారు. వాటిని ఒక్కొక్కటిగా వెలుగులో తిప్పి చూశాను. తొడుగు అడుగుకు కొంచెం పైన మెరిసే సన్నని వలయం కనిపిస్తే అక్కడ లోహం లోపల పలచబడిందని అర్థం. చివర చిన్నగా వంచిన కాగితాల పిన్నును లోపలికి పోనిచ్చి గోడ వెంట లాగితే, పలచబడిన చోట అది గాడిలో తట్టుకుంటుంది. అలా తట్టుకున్నవాటిని పక్కన పడేశాను. ఆ చోట తొడుగు తెగితే సగం ఛాంబర్‌లోనే ఇరుక్కుపోతుంది. మూతులు కొన్ని సొట్టలు పడి ఉన్నాయి. ఈ రైఫిల్ తొడుగులను గట్టిగా విసురుతుంది మరి. చిన్న సొట్టలు డైలో, అంటే తొడుగును నొక్కి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చులో, వాటంతటవే సరిపోతాయి.

శుభ్రం చేయడం గురించి ఒక్కమాట. పేలిన ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఖాళీ తొడుగులను దొర్లించి శుభ్రం చేసే యంత్రాన్ని ఇంటి గదుల్లో పెట్టకుండా బయట పెట్టాను. చేతులకు గ్లవ్స్, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం. పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలికగా తీసుకోకూడదు.

అసలు నేర్పంతా తొడుగును తిరిగి కొలతకు తేవడంలో ఉంది. బోల్టును చేత్తో మూసే రైఫిల్ అయితే తొడుగు కాస్త బిగుతుగా ఉన్నా చేతి బలంతో మూసేయవచ్చు. అందుకే అలాంటివాళ్లు చాలామంది మెడ భాగాన్ని మాత్రమే నొక్కుకుంటారు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని స్ప్రింగుది. దానికి బలవంతం చేతకాదు. కాబట్టి తొడుగు మొత్తాన్నీ ప్రతిసారీ డైలో నొక్కి తీరాలి. అలాగని డైని అడ్డదిడ్డంగా కిందికి దించడమూ కుదరదు. .35 రెమింగ్టన్ తొడుగుకు భుజం, అంటే ఒంటి నుంచి మెడకు సన్నబడే వాలు, చాలా చిన్నది. తూటా ఛాంబర్‌లో ఎంతవరకు పోవాలో నిర్ణయించేది ఆ భుజమే. దాన్ని ఎక్కువ వెనక్కి నొక్కితే తూటా వదులుగా కూర్చుంటుంది. సూది తగిలినా ప్రైమర్ పేలకపోవచ్చు, పేలితే తొడుగు సాగి త్వరగా పాడవుతుంది.

నేను పేలిన తొడుగుల భుజాన్ని కాలిపర్‌కు తగిలించే కొలత ముక్కతో కొలిచి, నొక్కాక అది అంగుళంలో వెయ్యో వంతులు మూడు నాలుగు మాత్రమే వెనక్కి వెళ్లేలా డైని కొద్దికొద్దిగా తిప్పుతూ దించాను. సెమీ ఆటోమేటిక్‌లకు సాధారణంగా చెప్పే తేడా అదే. ప్రైమర్ కూడా లేని ఖాళీ తొడుగును ఛాంబర్‌లో పెట్టి బోల్టును ముందుకు వదిలి చూశాను. చివరి వరకు వెళ్లి, ఎక్కడా పట్టుకోకుండా గట్టిగా మూసుకుంది. ఆ శబ్దం విన్నాక డై మీది బిగింపు నట్టును అక్కడే బిగించేశాను. నూనె విషయంలో కూడా చేయి తిరగాలి. తొడుగు ఒంటికి పలుచగా పట్టించాలి. తక్కువైతే డైలో ఇరుక్కుపోతుంది, భుజం మీద పేరుకుంటే అక్కడ గుంట పడుతుంది.

తర్వాత పొడవు. ఈ తొడుగుకు గరిష్ఠ పొడవు 1.920 అంగుళాలు. అన్నింటినీ 1.910కి కత్తిరించి, మూతి అంచులను లోపలా బయటా నునుపు చేశాను. చూడటానికి ఇది చాదస్తంలా ఉంటుంది. అన్నీ ఒకే పొడవు ఉండకపోతే ఏం జరుగుతుందో చెబుతాను. రైఫిల్‌లో తూటాలు నిల్వ ఉండే మేగజీన్‌లో అవి ప్రతి పేలుడుకూ కుదుపు తింటాయి, బోల్టు వాటిని బలంగా ముందుకు తోస్తుంది. ఆ దెబ్బకు గుండు తొడుగులోకి జారితే లోపలి ఖాళీ తగ్గి పీడనం పెరుగుతుంది. అది జారకుండా తొడుగు మూతిని గుండు మీది గాడిలోకి నొక్కి బిగిస్తాం. పొడవైన తొడుగు ఒకటి మధ్యలో వస్తే ఆ బిగింపు దాని మీద ఎక్కువ పడుతుంది, చిన్న భుజం కిందికి కుంగి పక్కకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటికి సరిగా కనిపించదు, వేలి గోరుకు మాత్రం తెలుస్తుంది. అలాంటి తూటా సగం మూసుకున్న బోల్టు దగ్గర ఆగిపోతుంది. నేను గుండును కూర్చోబెట్టడం, మూతిని బిగించడం రెండూ విడివిడిగా చేస్తాను. సమయం పడుతుంది, కానీ భుజం మీద భారం తగ్గుతుంది.

మందు జోలికి పోకముందు మందూ ప్రైమరూ లేని నకిలీ తూటాలు కొన్ని కట్టాను. వాటిని మేగజీన్‌లో పెట్టి, బోల్టును లాగి వదులుతూ ఛాంబర్‌లోకి పంపి, బయటికి తీసి మళ్లీ కొలిచాను. మొత్తం పొడవు 2.525 అంగుళాలు దాటకూడదు. ఛాంబర్‌లోకి పోయి వచ్చాక కూడా కొలత మారలేదు. బిగింపు సరిపోయిందనడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు కనిపించలేదు.

గుండుగా 200 గ్రెయిన్ల (పౌండుకు 7,000 గ్రెయిన్లు) గుండ్రటి మొనది ఎంచుకున్నాను. ఈ కొలతకు ఏనాటి నుంచో నడుస్తున్న బరువు అదే. తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలిచే గొట్టపు మేగజీన్ ఉన్న మార్లిన్ 336 అనే లివర్ (మీటతో తూటా ఎక్కించే) రైఫిల్‌లో మొన వాడిగా ఉన్న గుండు ముందున్న తూటా ప్రైమర్‌ను పొడిచే ప్రమాదం ఉంది. పెట్టె మేగజీన్ ఉన్న ఈ రైఫిల్‌కు ఆ భయం లేదు. అయినా గుండ్రటి మొనే ఇందులో సాఫీగా ఎక్కుతుంది. కొందరు దాదాపు ఇదే వ్యాసం ఉన్న తేలికైన రివాల్వర్ గుండ్లతో, మెత్తని మందుతో చవకగా కడతారు. లివర్ రైఫిల్‌కు అది బాగుంటుంది. బరువైన గొట్టాన్ని వెనక్కి నెట్టాల్సిన ఈ యంత్రానికి ఆ బలం చాలదు.

ప్రైమర్‌ను తొడుగు అడుగు కంటే వెంట్రుకవాసి లోపలికి దిగేలా కూర్చోబెట్టి, ప్రతిదాని మీదా వేలు ఆనించి చూశాను. పైకి పొడుచుకు వచ్చిన ప్రైమర్ ఏ సెమీ ఆటోమేటిక్‌లోనైనా ప్రమాదమే. బోల్టు మూసుకునే దెబ్బకే పేలవచ్చు.

మందు ఐఎంఆర్ 3031. ఈ కొలతకు పాత పుస్తకాల్లోనూ కొత్త పుస్తకాల్లోనూ కనిపించే మందు. ఎన్ని గ్రెయిన్లు వేశానో ఇక్కడ రాయడం లేదు. ఆ అంకె ప్రచురించిన రీలోడింగ్ (తూటాలు తిరిగి కట్టే) పుస్తకంలోంచి, అందులోనూ మీరు వాడే గుండుకు ఇచ్చిన పట్టికలోంచి రావాలి. ఇంకొకరి నోటి మాట మీద రాకూడదు. ఈ మందు పుల్లల్లా ఉంటుంది. కొలత డబ్బాలో పుల్లలు అడ్డం పడి ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ వస్తుంది. అందుకే ప్రతి మోతాదునూ త్రాసులో తూచి, చివరి పుల్లలను ఒక్కొక్కటిగా రాల్చాను. త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు వరకు చూపిస్తుంది. బల్ల మీద ఒకే ఒక మందు డబ్బా ఉండాలి, వేరే పని పెట్టుకోకూడదు, ఫోను పక్క గదిలో ఉండాలి. మందు వేశాక చెక్క దిమ్మలో నిలబెట్టిన తొడుగులన్నింటిలోకీ టార్చి వేసి, మట్టం ఒకేలా ఉందో లేదో చూశాకే గుండు పెట్టాను.

పుస్తకంలో ఇచ్చిన కనీస మోతాదుతో మొదలుపెట్టి, చిన్న చిన్న మెట్లుగా పెంచుతూ, ఒక్కో మెట్టుకు కొన్ని తూటాలు కట్టాను. చాలామంది నమ్ముకునే ఒక గుర్తు ఇక్కడ పనికిరాదు. ప్రైమర్ చదునుగా అణిగితే పీడనం ఎక్కువైందని అంటారు. .35 రెమింగ్టన్‌కు ప్రమాణ సంస్థ సామి పెట్టిన గరిష్ఠ పీడనం 33,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). .30-06 అనే మరో వేట తూటాకు అది 60,000. ప్రైమర్ అణిగినట్టు కనిపించేసరికి ఈ పాత రైఫిల్ తన హద్దును ఎప్పుడో దాటేసి ఉంటుంది. కాబట్టి పుస్తకం హద్దును, వేగం కొలిచే యంత్రాన్ని మాత్రమే నమ్మాను.

రేంజిలో మొదట మేగజీన్‌లో ఒక్క తూటానే పెట్టి పేల్చాను. ఈ రైఫిల్‌లో ఆఖరి తూటా అయిపోతే బోల్టు వెనకే నిలిచిపోతుంది. అలా నిలిచిందంటే పరుగు పూర్తయిందన్నమాట. కనీస మోతాదుతో తొడుగు బయటికి పడింది గానీ బోల్టు కొన్నిసార్లు వెనక నిలవలేదు. మోతాదు పెంచుతూ పోతే ఒకచోట అది ప్రతిసారీ నిలవడం మొదలైంది. తొడుగులు ఒకే దూరంలో, దాదాపు ఒకే దిక్కుకు పడ్డాయి. అప్పుడు గుండు వేగం సెకనుకు దాదాపు 2,000 అడుగులు. ఫ్యాక్టరీ తూటాకు ప్రకటించే 2,080కి కొంచెం తక్కువ. పుస్తకం గరిష్ఠం ఇంకా పైన ఉంది. అక్కడికి వెళ్లే అవసరం నాకు లేదు. నా భుజానికి తగిలే దెబ్బ కూడా కొత్త రైఫిళ్ల కుదుపులా ఉండదు. ముందు ఒక తోపు, వెంటనే గొట్టం ముందుకు వచ్చిన చప్పుడు. పెదనాన్న ఈ చప్పుడును ఎంత ఇష్టంగా వర్ణించేవారో నాకు గుర్తుంది.

నూరు గజాల దగ్గర, ఆ పాత ఇనుప గురితోనే, గుండ్లు అరచేయి కప్పేంత చోటులో పడుతున్నాయి. జింక వేటకు అది చాలు. ఎంచుకున్న మోతాదుతో కట్టిన పెట్టెల మీద తేదీ, మందు పేరు, మోతాదు, గుండు బరువు, తొడుగులు ఎన్నోసారి వాడుతున్నవో రాసి, ఈ రైఫిల్‌కు మాత్రమేనని పెద్ద అక్షరాల్లో చేర్చాను. మార్లిన్ ఉన్న స్నేహితుడు ఒక పెట్టె అడిగాడు. అతని ఛాంబర్‌కు అతనే కొలతలు తీసుకోవాలని చెప్పి, తూటాలు కట్టే నా ప్రెస్సు వాడుకోమన్నాను.

ఇప్పుడు మిగిలింది ఇత్తడి బెంగ ఒక్కటే. పెదనాన్న దాచిన తొడుగుల్లో కొన్నింటికి మెడ దగ్గర చీలికలు కనిపిస్తున్నాయి. కంపెనీలు ఈ కొలత తొడుగులను అప్పుడప్పుడే తయారు చేస్తాయి. కొత్తవి వస్తే తెలియజేయమని రెండు మూడు చోట్ల పేరు రాయించి ఉంచాను. అవి దొరికాక డైని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి. కొత్త తొడుగు భుజం పాతదానిలా ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు.